డిక్కీలో రెండు సూట్‌కేసులు

ఈ సంచికకు నేను కార్ల గురించి రాస్తానంటే సంపాదకవర్గంలో ఒక మిత్రుడు, "నీకు కారుందా?" అని అడిగాడు. లేదు. మన కాలేజీలో కార్ల గురించి గంటల తరబడి మాట్లాడేవాళ్ళలో చాలామందికి లేదు. ఆ మాటకొస్తే కారు లేకపోవడమే కార్ల మీద గట్టి అభిప్రాయాలు ఉండటానికి మొదటి అర్హత అని మా హాస్టల్ చూశాక నాకు నమ్మకం కుదిరింది.

మన పెద్ద లెక్చరర్లకు ఈ జబ్బు లేదు. వాళ్ళ కాలంలో ఉన్నవే మూడు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూడటమే తప్ప 'ఏది మేలు?' అని అడిగేవాడు లేడు, చెప్పేవాడూ లేడు. మన ఊళ్ళోనే ఆల్విన్ వాళ్ళు ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, పుష్పక్ స్కూటర్లు చేశారు. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలూ చేశారు. కారు మాత్రం చేయలేదు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఒక సామాన్యుడి చేతికి వచ్చిన రోజునే ఈ దేశంలో కారు మీద అభిప్రాయం అనేది పుట్టిందని నా ఊహ. 1998లో ఇండికా, సాంత్రో వచ్చేసరికి అది నడక నేర్చింది. ఇప్పుడు పరుగెత్తుతోంది. ఎంచుకోవడానికి రెండోది ఉంటేనే కదా, మొదటిది బాగోలేదనగలం!

మా హాస్టల్లో కార్ల పిచ్చివాళ్ళు చాలామందే ఉన్నా ముగ్గురి గురించి చెబితే చాలు. అసలు పేర్లు రాస్తే నన్ను మెస్సులోకి రానివ్వరు కనుక ముద్దుపేర్లే రాస్తున్నాను. ఒకడు 'టార్కు'. ఏ బండి పేరు చెప్పినా సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందో దశాంశాలతో సహా చెబుతాడు. మాన్యువల్ గేరు లేని బండి బండే కాదంటాడు. గేరు మార్చడంలో ఉన్న మజా ఆటోమేటిక్ వాడికేం తెలుసునని వాడి వాదం. వాడికి సొంతంగా ఉన్నది సైకిలు. దానికీ గేర్లు లేవు.

రెండోవాడు 'ఆగు'. వీడి సలహా ఎప్పుడూ ఒక్కటే: "ఇప్పుడు కొనొద్దు, ఆగు. వచ్చే ఏడు మంచిది వస్తోంది." వీడి ప్రపంచంలో ప్రస్తుతం ఉన్న బండి అనేదే లేదు, రాబోయే బండ్లే అన్నీ. 2008 జనవరిలో లక్ష రూపాయల కారు అంటూ నానోను చూపించారు. 2009 జులైలో మొదటి బండి ఇచ్చారు. 2018కల్లా తయారీ అయిపోయింది. టెస్లాకు 2016లోనే మన దేశం నుంచి కొందరు డబ్బు కట్టి పేర్లు రాయించుకున్నారు. షోరూము బొంబాయిలో తెరిచింది 2025 జులైలో, అదీ వాళ్ళు పేరు రాయించుకున్న మోడల్ కాదు. సియెర్రా మళ్ళీ వస్తుందని 2020 ప్రదర్శనలో బొమ్మ చూపిస్తే రోడ్డు మీదికి 2025 నవంబరులో గానీ రాలేదు. ఈ మధ్యకాలమంతా 'ఆగు' లాంటివాళ్ళ మాటలతోనే నిండిపోయింది. నిజం చెప్పాలంటే రాని బండి గురించి మాట్లాడటమే సుఖం. దానికి రిపేరు రాదు.

మూడోవాడు 'స్టార్లు'. వాడికి ఇంజను అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. గోడకు గుద్దితే ఎన్ని స్టార్లు వచ్చాయన్నదే లెక్క. మిగతా ఇద్దరూ వీణ్ణి కొంచెం చిన్నచూపు చూస్తారు. వీడి సంగతి తర్వాత వస్తుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ ఎలక్ట్రిక్ కార్ల పందెం జరిగినప్పుడు ముగ్గురూ ఒక్కటయ్యారు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వీళ్ళు మాత్రం తామే గెలిచినట్టు వారం రోజులు తిరిగారు. మరుసటి ఏడు పందెం రద్దయింది. ఆ దుఃఖం ఇంకా తీరలేదు.

నాకు ఈ పిచ్చి లేదు. నాకు కారంటే శంషాబాద్‌లో మా గదికింద సందులో నిలబెట్టే తెల్ల ఇటియోస్. మా నాయన ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ నడుపుతాడు.

శంషాబాద్ గురించి ఒక మాట. మా నాయన చిన్నప్పుడు ఈ వైపంతా ద్రాక్ష తోటలు. తోటల్లో కూలికి వెళ్ళి, ఆ తర్వాత ట్రాక్టరు, ఆ తర్వాత లారీ నడిపాడు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలన్నీ మా ఊరికొచ్చాయి. 5,500 ఎకరాల స్థలం, ఏడాదికి కోటీ ఇరవై లక్షలమంది వచ్చిపోయే ఏర్పాటు. ఆ ఏడే నాయన ఒక పాత డీజిల్ ఇండికా కొని టాక్సీ పెట్టాడు. తర్వాత 2016లో అప్పు చేసి ఈ ఇటియోస్ తీసుకున్నాడు. అది ఇప్పటికి 5 లక్షల 40 వేల కిలోమీటర్లు తిరిగింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు ఆకాశం మూగబోయినప్పుడు తప్ప అది ఎక్కువ రోజులు ఊరికే నిలబడింది లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, చూసే ఉంటారు. అది పుట్టిన దగ్గర్నుంచి తిరిగింది 356 మైళ్ళేనంటారు. నాయనకు ఆ మాట చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టి, "నాకు రెండున్నర దినాల పని" అన్నాడు.

ఆ ఇటియోస్‌కు కాలం తీరింది. ఏళ్ళు మీరిన బండిని కిరాయికి ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఇంజను ఒప్పుకోవడం లేదు. కొత్త బండి కొనాలి. కొంటే ఐదేళ్ళ అప్పు. నాయనకు యాభై మూడేళ్ళు. అంటే ఇది ఆయన కొనే ఆఖరి బండి కావచ్చు. తప్పు బండి కొంటే దిద్దుకునే వ్యవధి లేదు. నెలనెలా కట్టే వాయిదా, ఇంటి అద్దె, నా హాస్టల్ బిల్లు అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే నడవాలి.

"మీ దోస్తులకు కార్ల గురించి బాగ ఎరుక అంటివి గద. ఒకసారి తోలుకరా" అన్నాడు నాయన.

ఒక ఆదివారం ముగ్గుర్నీ తీసుకుని వెళ్ళాను. ఇటియోస్‌లో పోయి ఔటర్ రింగురోడ్డు మీద ఒక చుట్టు తిరగాలని టార్కు కోరిక. 158 కిలోమీటర్ల రోడ్డు, బైకులూ ఆటోలూ రావు, 2023 నుంచి వేగం 120 దాకా పోవచ్చు. వాడి దృష్టిలో అది భూలోక స్వర్గం. నాయన, "డీజిలు ఎవలు పోస్తరు బిడ్డ?" అన్నాడు. చుట్టు ఆగిపోయింది.

హైవే పక్కన ఇరానీ హోటల్లో కూర్చున్నాం. బండ్ల మాట వినగానే పక్క బల్లల మీది డ్రైవర్లు కుర్చీలు ఇటు జరుపుకున్నారు. ఆ తర్వాతి రెండు గంటలు నేను ఏ క్లాసులోనూ వినని పాఠం విన్నాను.

టార్కు మొదలెట్టాడు. ఒక కొత్త బండి పేరు చెప్పి, ఇంజను శక్తి చెప్పి, సెకన్లు చెప్పాడు. డ్రైవర్లు మర్యాదగా విన్నారు. చివర గడ్డం నెరిసిన ఒక చాచా, "బహుత్ అచ్ఛా బేటా. డిక్కీల రెండు సూట్‌కేసులు పడ్తయా?" అన్నాడు.

టార్కుకు ఆ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాలేదు. కానీ ఎయిర్‌పోర్టు డ్రైవరుకు అదే మొదటి ప్రశ్న. అమెరికా పోయే పిల్ల ఒక్కర్తే ఉంటుంది. ఇరవైమూడేసి కిలోల పెద్ద పెట్టెలు రెండు, చేతిపెట్టె ఒకటి, భుజానికి సంచి, ఆమెను సాగనంపడానికి అమ్మ, నాన్న, తమ్ముడు. ఆ పెట్టెల్లో ఆవకాయ ఉంటుంది, కాబట్టి పడుకోబెట్టకూడదంటారు. పెట్టె డిక్కీలో పట్టకపోతే ముందు సీట్లోకి వస్తుంది, ముందు సీట్లో మనిషి వెనక్కి పోతాడు, వెనక నలుగురవుతారు. లేదా ఆ కిరాయే పోతుంది.

ఇక్కడ నా మెకానికల్ చదువు కాస్త పనికొచ్చింది. ఈ దేశంలో డిక్కీని కోసింది ఇంజనీరు కాదు, బడ్జెట్టు. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. దానితో కంపెనీలన్నీ సెడాన్‌లను ఆ గీత లోపలికి ఇరికించడం మొదలుపెట్టాయి. ముందు వైపు ఇంజను ఉంది, మధ్యలో మనుషులున్నారు, కాబట్టి కోత వెనక పడింది. 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ 4,160 మిల్లీమీటర్ల పొడవు, డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్నే 3,995 మిల్లీమీటర్లకు కుదిస్తే డిక్కీ 316 లీటర్లయింది. ఇటియోస్ ఆ గీతకు లొంగలేదు. దాని డిక్కీ 590 లీటర్ల పైచిలుకు. పత్రికల్లో రాసేవాళ్ళు దాని మొహం బాగాలేదన్నారు, మీటరు మధ్యలో పెట్టారని వెక్కిరించారు. టాక్సీవాళ్ళు మాత్రం కళ్ళకద్దుకున్నారు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధన వచ్చినప్పుడు అదీ పోయింది, మారుతిలో డీజిల్ ఇంజనూ పోయింది. తర్వాత మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా చిన్న సెడాన్‌లలో డీజిల్ మానేశాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది గానీ, ఆ నాలుగు మీటర్ల గీత మాత్రం అక్కడే ఉంది.

నేను ఇదంతా చెబితే నాయన కాసేపు ఊరుకుని, "అంటే ఢిల్లీల ఎవడో స్కేలు వెట్టి గీస్తే నా డిక్కీ తెగిందన్నట్టు" అన్నాడు. పరీక్షలో రాయదగ్గ వాక్యం.

"సిఎన్‌జి తీసుకోండంకుల్, ఖర్చు తక్కువ" అన్నాడు 'ఆగు', తన స్వభావానికి విరుద్ధంగా. డ్రైవర్లు నవ్వారు. సిలిండరు ఎక్కడ కూర్చుంటుంది? డిక్కీలోనే. పైసలు మిగులుతాయి, పెట్టె మిగలదు. సిలిండర్ను రెండు చిన్నవిగా చేసి నేలకింద దాచే పద్ధతి 2023లో ఆల్ట్రోజ్‌తో వచ్చిందని వాడన్నాడు. "అది మంచి ఉపాయమే" అని ఒప్పుకున్నారు. కానీ బంకు దగ్గర వరసలో ఎంతసేపు నిలబడాలో, ఆ నిలబడ్డ గంటలో ఎన్ని విమానాలు దిగుతాయో లెక్కవేసి చూపించారు.

తర్వాత కొత్త బండ్లలోని పెద్ద తెర మీద చర్చ వచ్చింది. ముగ్గురు మిత్రులకూ ఏకాభిప్రాయం ఉన్న విషయం అదొక్కటే. తెర ఎంత పెద్దదైతే అంత మంచిది. నాయన అడిగాడు: "ఏసీ తగ్గియ్యాలంటే?" తెర మీద నొక్కాలి. "చూస్కుంట నొక్కాల్నా, చూడకుంట నొక్కాల్నా?" చూస్తూనే. "మరి రోడ్డు ఎవలు చూస్తరు?" పాత గుండ్రటి మీట అయితే చెయ్యి దానికదే పోతుంది. రాత్రి రెండింటికి, నాలుగో కిరాయిలో, కళ్ళు మంటలు పుడుతుంటే రోడ్డు మీంచి చూపు తిప్పి తెరలో బొమ్మ వెతకడమంటే ఏమిటో హాస్టల్ మంచం మీద పడుకున్నవాడికి తెలియదు.

చాచా ఇంకొకటి అడిగాడు: "స్టెప్నీ ఉన్నదా?" కొన్ని కొత్త ఎలక్ట్రిక్ బండ్లలో స్టెప్నీయే లేదు, దాని బదులు పంక్చరుకు మందు సీసా ఇస్తున్నారు. "బరువు తగ్గుతుంది, స్థలం మిగులుతుంది" అన్నాడు టార్కు. "టైరు పక్కకు చీలితే ఆ మందు ఎవలకు తాగిపిస్తవ్ బేటా?" అన్నాడాయన. హోటలంతా నవ్వింది. టార్కు కూడా నవ్వాడు. వాడిలో నాకు నచ్చే గుణం అదే.

కానీ నవ్వని విషయం ఒకటి జరిగింది. టార్కు మళ్ళీ గేర్ల మజా గురించి మొదలెట్టగానే నాయన ఎడమకాలు పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. ఉబ్బి ఉంది. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా రోడ్డు వెడల్పు పనులు ఏళ్ళ తరబడి సాగాయి, మీలో బెంగుళూరు బస్సెక్కినవాళ్ళకు తెలుసు. అంత దూరమూ ఫస్టు, సెకండు, మళ్ళీ ఫస్టు. ఒక్కో ట్రిప్పుకు క్లచ్చి ఎన్నిసార్లు తొక్కుతాడో ఒకరోజు నేను లెక్కపెట్టబోయి మూడువందల దగ్గర మానేశాను. అలా పదిహేడేళ్ళు. పక్కనున్న డ్రైవర్లలో ఇద్దరు తమ మోకాళ్ళు కూడా చూపించారు. టార్కు గ్లాసులో మిగిలిన చాయ్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

స్టార్లుగాడి వంతు అప్పుడొచ్చింది. వాడు మెల్లగా చెప్పాడు: 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన దేశంలో తెగ అమ్ముడయ్యే ఐదు చిన్నకార్లను తీసుకెళ్ళి గుద్దించి చూస్తే ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయని, 2018 డిసెంబరులో నెక్సాన్‌కు తొలిసారి ఐదు వచ్చాయని, 2023 అక్టోబరు నుంచి మనకే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష మొదలైందని, 2024 నవంబరులో కొత్త డిజైర్‌కు కూడా ఐదు వచ్చాయని. ఎవరూ మధ్యలో అడ్డు తగల్లేదు. ఔటర్ రింగు మీద ఆగి ఉన్న లారీ కిందికి దూరిన బండ్లను అక్కడున్న ప్రతివాడూ కళ్ళారా చూశాడు. ఒకాయన మాత్రం, "వెనక కూసున్నోళ్ళు బెల్టు పెట్టుకోరు తమ్మి, చెప్తే కోపానికొస్తరు" అన్నాడు. నాయన స్టార్లను దగ్గరకు పిలిచి, ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాయించుకున్నాడు. కాబట్టి కార్ల పిచ్చివాళ్ళ మాటలన్నీ గాలిమాటలని నేననను. గోడకు గుద్ది చూసినవాడి మాటకూ, బొమ్మ చూసి మురిసినవాడి మాటకూ తేడా ఉందంతే.

ఇక ఎలక్ట్రిక్ సంగతి. ముగ్గురూ ఎలక్ట్రిక్కే అన్నారు, మోకాలు చూశాక టార్కు మరీ గట్టిగా అన్నాడు. క్లచ్చి లేదు, గేరు లేదు. జి.ఎస్.టి. ఐదు శాతమే. 2024 నవంబరులో మన ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషను ఫీజూ 2026 డిసెంబరు 31 దాకా మాఫీ చేసింది. ఎయిర్‌పోర్టుకు ఆర్టీసీ వాళ్ళ ఎలక్ట్రిక్ పుష్పక్ బస్సులు 2019 నుంచి తిరుగుతూనే ఉన్నాయి, అంటే ఎండకు చచ్చిపోయే జాతి కాదని తేలింది. నాయన, నేను ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాం. రోజుకు 230 కిలోమీటర్లు. డీజిలు లీటరు 95 రూపాయల పైన, లీటరుకు 18 కిలోమీటర్లు అనుకుంటే రోజుకు 1,220. ఎలక్ట్రిక్‌కు యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుంటే 33 యూనిట్లు. ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకుంటే మూడొందల లోపు. బయట ఫాస్ట్ చార్జరు దగ్గరైతే ఆరేడు వందలు, పైగా ఒక గంట. నెలకు 25 రోజుల పని. ఇంట్లో చార్జింగ్ అయితే మిగులుతో వాయిదా కట్టి, పైన కాస్త మిగులుతుంది. బయట అయితే వాయిదాకు చాలదు.

అంటే బండి మంచిదా కాదా అన్నది బండిలో లేదు. మా ఇంట్లో ప్లగ్గు ఎక్కడుందన్న దాంట్లో ఉంది. మేముండేది రెండో అంతస్తులో అద్దెగది. ఈ సంగతి ఏ నిపుణుడి సమీక్షలోనూ కనబడదు. సమీక్షలు రాసేవాళ్ళందరికీ కిందనే గ్యారేజీ ఉన్నట్టుంది.

ఆ తర్వాతి శనివారం షోరూముకు వెళ్ళాం. ఏ కంపెనీయో, ఏ మోడలో రాయను. రాస్తే ఈ సంచిక విడుదలైన రోజే హాస్టల్లో యుద్ధం. నాయన పక్కింటివాళ్ళ దగ్గర రెండు పెద్ద సూట్‌కేసులు అడిగి తెచ్చాడు. ఖాళీవి. కూతురు డల్లాస్ నుంచి తెచ్చినవట. వాటిని దొర్లించుకుంటూ అద్దాల తలుపులోంచి లోపలికి పోతుంటే టై కట్టుకున్న కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "సార్, ఎయిర్‌పోర్ట్ అటు" అన్నాడు. దారి తప్పామనుకున్నాడు పాపం. నాయన ఏమీ అనకుండా డిక్కీ తెరిపించి పెట్టెలు పెట్టి చూశాడు. నిలబెట్టి చూశాడు, అడ్డం తిప్పి చూశాడు. ఒకటి సుఖంగా, రెండోది కొంచెం మూలకు తిప్పితే పట్టింది. మూత పడింది. మళ్ళీ తీసి, మళ్ళీ వేశాడు. స్టెప్నీ ఎక్కడుందో చూశాడు. వెనక సీట్లో కూర్చుని ముందు సీటుకు మోకాలు తగులుతుందా అని చూశాడు. ఏసీ మీట చూశాడు, అది చేత్తో తిప్పేదే. ఆ కుర్రాడు మొదటి పావుగంట తెర గురించి చెప్పబోయి, తర్వాత తనే సూట్‌కేసు మోయడంలో సాయం చేశాడు.

నడిపి చూడమన్నారు. పక్క సీట్లో కుర్రాడు, వెనక నేను. సర్వీసు రోడ్డు మీద వంద గజాలు పోయేదాకా నాయన ఎడమకాలు గాల్లో వెతుకుతూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగాం. చప్పుడు లేదు. పైన దిగుతున్న విమానం మోత కారులోకి వినబడింది. నాయన కిందికి చూసుకుని ఎడమకాలు వెనక్కి తీసి, సీటుకు ఆనించుకున్నాడు.

"ఈ కాలుకు ఇగ పనే లేదా తమ్మి?" అన్నాడు.

"లేదు సార్. రెస్టే" అన్నాడు కుర్రాడు.

పచ్చలైటు పడినా ఒక క్షణం కదల్లేదు. వెనక ఆటోవాడు హారను కొట్టాక కదిలాడు.

మిగిలింది ఇంటి ఓనరు. నాలుగు వాటాల ఇల్లు ఆయనది. కింద రేకుల షెడ్డులో ఆయన స్కూటరు ఉంటుంది, పక్కన ఒక కారు పట్టే జాగా ఉంది. అక్కడ చార్జింగ్‌కు వేరే మీటరు పెట్టుకోనిస్తారా అని అడగాలి. మూడు రోజులు నాయన అడగలేకపోయాడు. పద్దెనిమిది లీటర్ల డీజిలు లెక్క నోటికి చెప్పేవాడు, ఈ ఒక్క ముక్క ఎలా ఎత్తాలో తెలియక మెట్ల మీద ఎక్కి దిగాడు. కాదంటే కథ కంచికి. నాలుగో రోజు అమ్మ, "మీరు అడుగుతరా, నన్ను అడగమంటరా?" అంది. అప్పుడు కదిలాడు. నేనూ వెంట వెళ్ళాను.

ఓనరు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. అంతా విన్నాడు. తీగ ఎటు నుంచి తెస్తారు, వానకు షాకు కొడుతుందా, బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది అని అడిగాడు. అవన్నీ అడగదగ్గవే. స్టార్లుగాడు రాసిచ్చిన కాగితం వెనకే నేను జవాబులు రాసుకుని తెచ్చాను, చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెట్టుకో. పైసలు నువ్వే కట్టుకో. షెడ్డు కిరాయి వెయ్యి ఎక్కువియ్యి. నాకేం లేదు" అన్నాడు. నాయన లేవబోతుంటే చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు. "గని ఒక్క మాట చెప్త విను. ఆ బండి తీస్కోకు. ఆగు. వచ్చే ఏడు ఇంకా మంచిది వస్తున్నదంట, మా అల్లుడు చెప్పిండు."

నాయన "అట్లనా అన్నా" అని తలూపి, వాళ్ళింట్లో ఇచ్చిన చాయ్ తాగి, మర్నాడు పొద్దున కరెంటాఫీసులో మీటరుకు దరఖాస్తు ఇచ్చొచ్చాడు.